వెంట్రుకంత కాలువలో నానో కణాల తయారీ: విశాఖ పరిశ్రమకు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు?

క్లుప్తంగా: నానో కణం సైజు ఎంతన్నది ద్రవాలు కలిసిన మొదటి క్షణాల్లోనే చాలావరకు తేలిపోతుంది. ఆ క్షణాలను అదుపులో పెట్టడమే మైక్రోఫ్లూయిడిక్ రియాక్టరు, అంటే వెంట్రుకంత సన్న కాలువల్లో ద్రవాలను కలిపే పరికరం పని. ఒక కాలువ నుంచి గంటకు వచ్చే సరుకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. కాబట్టి గ్రాముకు ఎక్కువ విలువ పలికే టీకాలు, ఇంజెక్షన్ మందులకు ఇది కుదురుతుంది; టన్నుల లెక్కన అమ్ముడయ్యే సరుకుకు కుదరదు. కాలువలు పూడిపోవడం, వంద కాలువలకు సమానంగా ద్రవం పంచడం పెద్ద చిక్కులు.

నానో అనే మాట మన ఊళ్లకు ఎక్కువగా యూరియా సీసాతో చేరింది. 2021లో ఇఫ్కో నానో యూరియా అమ్మకం మొదలుపెట్టాక, పొలం గట్ల మీద కూడా ఆ పదం వినబడటం మామూలైపోయింది. అదే కాలంలో కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు వచ్చాయి. ఒంటికి ప్రోటీన్ తయారీ సూచన మోసుకొచ్చే ఆ ఎంఆర్‌ఎన్‌ఏ అణువు కొవ్వు నానో కణాల్లో చుట్టి ఉంటుందని పత్రికల్లో చదివాం. 2023లో రసాయన శాస్త్ర నోబెల్, సైజును బట్టి రంగు మారే నానో కణాలైన క్వాంటమ్ డాట్లకు వచ్చింది. ఇటు ఫార్మా రంగంలో ఫ్లో కెమిస్ట్రీ అనే మాట గట్టిగా వినిపిస్తోంది. ఇవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఫ్లో రియాక్టరు అంటే నానో అని, నానో అంటే సన్న కాలువలు చెక్కిన చిప్ అని అనుకోవడం మొదలైంది.

వీటిని విడదీసి చూడాలి. రసాయనాలను ఒక పెద్ద పాత్రలో పోసి వండకుండా, గొట్టంలో పారిస్తూ చర్య జరిపించడం ఫ్లో కెమిస్ట్రీ. ఆ గొట్టం వేళ్లంత లావుగా ఉన్నా అది ఫ్లో కెమిస్ట్రీయే. గొట్టం వ్యాసం పదుల నుంచి వందల మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గితే, అంటే దాదాపు తలవెంట్రుక మందానికి వస్తే, దాన్ని మైక్రోఫ్లూయిడిక్స్ అంటారు. నానో కణాలు ఆ గొట్టంలో తయారయ్యే సరుకు. వాటి సైజు సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్లు; నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు. వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. కాలువ ఎంత సన్నదైనా, అందులో పుట్టే కణం ముందు అది మహాసముద్రమే.

సైజుకు అంత పట్టింపు ఎందుకు?

ఒక సెంటీమీటరు ఘనం తీసుకుంటే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ఘనాలుగా కోసుకుంటూ పోతే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు అవుతుంది. అంటే చక్కెర ముక్కంత పదార్థంలో 700 గజాల స్థలం దొరికినట్టు. ఘన పదార్థంతో రసాయన చర్యలు జరిగేది దాని ఉపరితలం మీదే కాబట్టి ఘన ఉత్ప్రేరకాలకు ఇది వరం.

రంగు కూడా మారుతుంది. క్యాడ్మియం సెలినైడ్ క్వాంటమ్ డాట్ 2 నానోమీటర్ల దగ్గర నీలం కాంతినిస్తే, 6 నానోమీటర్ల దగ్గర ఎరుపునిస్తుంది. పదార్థం అదే, తేడా నాలుగు నానోమీటర్లే. కాబట్టి ఒకే బ్యాచ్‌లో రెండు నుంచి ఆరు దాకా అన్ని సైజులూ కలిసి వస్తే ఆ సరుకు టీవీ తెరకు పనికిరాదు. సగటు సైజు సరిగా ఉంటే చాలదు, కణాలన్నీ ఆ సగటుకు దగ్గరగా ఉండాలి.

నెయ్యి పూస కట్టినట్టే

నానో కణం పుట్టుక అర్థం కావాలంటే వంటింట్లో నెయ్యి చూస్తే చాలు. కాచిన నెయ్యిని మూతపెట్టి పొయ్యి పక్కన నెమ్మదిగా చల్లారనిస్తే పెద్ద పెద్ద పూసలు కడుతుంది. అదే నెయ్యిని వేడి తగ్గకముందే ఫ్రిజ్‌లో పెడితే పూస కనబడదు, మెత్తగా గడ్డకడుతుంది. నెమ్మదిగా చల్లారినప్పుడు కొద్ది చోట్ల మాత్రమే పూస మొదలవుతుంది. చుట్టూ ఉన్న నెయ్యంతా వచ్చి ఆ కొద్దిపాటి పూసలకే అంటుకుంటుంది. గభాలున చల్లబడితే ఒకేసారి లక్షల చోట్ల పూస మొదలై, దేనికీ పెరిగే సరుకు మిగలదు.

నానో కణాల్లో ఈ మొదటి దశను బీజం పడటం అనవచ్చు. బీజం పడాలంటే ద్రావణంలో సరుకు గాఢత ఒక హద్దు దాటాలి. దాటగానే బీజాలు పడతాయి, గాఢత హద్దు కిందికి జారుతుంది, ఆ తర్వాత కొత్త బీజాలు పడవు, ఉన్నవి మాత్రమే పెరుగుతాయి. గంధకం కణాల మీద పనిచేస్తూ లామెర్, డినెగార్ అనే శాస్త్రవేత్తలు 1950లో చెప్పిన ఈ వివరణే ఈనాటికీ తొలి పాఠం. దీని నుంచి వచ్చే షరతు ఒక్కటే: బీజాలు పడే కాలం వీలైనంత తక్కువగా ఉండాలి, పాత్రంతా ఒకేసారి పడాలి. ముందు పడ్డ బీజం ముందు పెరుగుతుంది, వెనక పడ్డది చిన్నదిగా మిగిలిపోతుంది.

బంగారం కణాలను చూద్దాం. లండన్‌లో మైఖేల్ ఫారడే 1857లోనే కెంపు రంగు బంగారు ద్రావణం తయారుచేశాడు. 1951లో టర్కెవిచ్ బృందం మరిగే క్లోరోఆరిక్ ఆమ్లంలో సోడియం సిట్రేట్ పోసే పద్ధతిని వివరంగా అధ్యయనం చేసింది. కళాశాల ల్యాబుల్లో ఇప్పటికీ అదే చేస్తారు. 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో అది చక్కగా వస్తుంది. అదే పద్ధతిని ఐదు వేల లీటర్ల రియాక్టరులో, విశాఖ పక్కన ఫార్మా యూనిట్లున్న పరవాడ భాషలో చెప్పాలంటే 5 కేఎల్ జీఎల్‌ఆర్‌లో (5 కిలోలీటర్ల, లోపల గాజు పూత ఉన్న రియాక్టరులో) చేస్తే కథ మారుతుంది. సిట్రేట్ చార్జింగ్ చేసిన, అంటే పోసిన చోట గాఢత ఒక్కసారిగా పెరుగుతుంది, అడుగున అసలు చేరదు. స్టిర్రర్ తిప్పి తిప్పి అంతా ఒకటి చేసేలోపు బీజాలు పడిపోయి ఉంటాయి. పాలల్లో నిమ్మరసం ఒకచోట పిండితే అక్కడే విరిగి ముద్దకట్టినట్టు.

కలవడానికి ఎంతసేపు?

సన్న కాలువలో నీళ్లు పారే తీరే వేరు. గొట్టంలో ప్రవాహం సుడులు తిరగాలంటే రెనాల్డ్స్ సంఖ్య, అంటే ద్రవం చిక్కదనంతో పోలిస్తే ప్రవాహపు ఊపు ఎంతో చెప్పే అంకె, దాదాపు 2000 దాటాలి. 100 మైక్రాన్ల చదరపు కాలువలో గంటకు 10 మిల్లీలీటర్ల నీరు పారిస్తే ఆ సంఖ్య 30 కూడా చేరదు. పక్కపక్కన పారే రెండు ద్రవాలు రెండు పొరల్లాగే సాగుతాయి. వాటిని కలిపే సుడులు ఉండవు, అణువులు ఒక పొర నుంచి మరో పొరలోకి మెల్లగా పాకిపోవడమే మిగిలిన దారి.

అలా అయితే కలవడం ఆలస్యం కావాలి కదా? ఇక్కడే దూరం లెక్క పనికొస్తుంది. అణువు పాకడానికి పట్టే కాలం దూరానికి వర్గంగా పెరుగుతుంది. నీళ్లలో ఒక చిన్న అణువు ఒక మిల్లీమీటరు పాకాలంటే సుమారు 500 సెకన్లు కావాలి. 100 మైక్రాన్లకు 5 సెకన్లు. 10 మైక్రాన్లకు సెకనులో ఇరవయ్యో వంతు. దూరం పదో వంతుకు తగ్గితే కాలం నూరో వంతుకు తగ్గుతుంది.

కాబట్టి కాలువ సన్నగా ఉంటే చాలదు, అందులో ద్రవం పొరలను ఇంకా పలచన చేయాలి. ఇందుకు కొన్ని ఉపాయాలున్నాయి. నడిమి ధారను రెండు పక్కల నుంచీ మరో ద్రవంతో నొక్కి దారంలా సన్నబరచడం ఒకటి. కాలువ అడుగున చేప ముల్లు ఆకారంలో గాట్లు పెట్టి ప్రవాహాన్ని మడతలు పెట్టించడం మరొకటి. ఈ రెండోదాన్ని హార్వర్డ్ పరిశోధకులు 2002లో ప్రచురించారు, తర్వాత మందుల పరిశోధనలో బాగా వాడుకలోకి వచ్చింది. పరోటా పిండిని మడతపెట్టి, మళ్లీ ఒత్తి, మళ్లీ మడతపెడితే పొరలు పలచబడినట్టే ఇదీ.

పెద్ద పాత్రలో కలిసే కాలం సెకన్ల నుంచి నిమిషం పైదాకా ఉంటుంది, పైగా మూలమూలకూ మారుతుంది. సన్న కాలువలో అది మిల్లీసెకన్లకు దిగుతుంది, అన్ని చుక్కలకూ ఒకటే. బీజం పడే కాలం కన్నా కలిసే కాలం తక్కువైతే కణాలన్నీ ఒకేసారి పుడతాయి. ఈ రంగంలో మిగతా హంగులన్నీ ఈ ఒక్క పోలిక కోసమే.

గట్టు వారా, నడి ఏరు

ఇంత చెప్పాక కూడా సన్న కాలువలో ఒక లోపం ఉంది. దాన్ని ప్రచార కరపత్రాలు సాధారణంగా చెప్పవు. ఏటి మధ్య వడి ఎక్కువ, గట్టు వార తక్కువ. గుండ్రటి గొట్టంలో సుడులు లేని ప్రవాహానికి నడిమి వేగం సగటుకు రెట్టింపు, గోడ దగ్గర సున్నా. అంటే నడుమ పారే కణం త్వరగా బయటపడుతుంది, గోడ వార కణం లోపలే ఉండి పెరుగుతూనే ఉంటుంది. ఒకేసారి పుట్టిన కణాలు కూడా బయటికొచ్చేసరికి వేర్వేరు వయసులవి అవుతాయి, వేర్వేరు సైజులకు వస్తాయి.

దీనికి విరుగుడు బిందు ప్రవాహం. నీటితో కలవని నూనెను కాలువలో పారిస్తూ, అందులోకి నీటి ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా వదులుతారు. కిరండూల్ నుంచి విశాఖకు ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు వ్యాగన్లలా చుక్కలు ఒకదాని వెనక ఒకటి ఒకే వేగంతో సాగుతాయి. ఒక్కో చుక్కా ఒక్కో బుల్లి రియాక్టరు. దాని లోపల ద్రవం గిరగిరా తిరుగుతుంది కాబట్టి త్వరగా కలుస్తుంది, చుట్టూ నూనె పొర ఉంటుంది కాబట్టి గోడను తాకదు. లాభాలు బాగానే ఉన్నాయి. కానీ చివర నూనెను, చుక్కలు విడివిడిగా ఉండటానికి కలిపిన సబ్బు లాంటి పదార్థాన్ని పూర్తిగా తీసేయాలి. ఇంజెక్షన్ మందు అయితే ఆ శుద్ధి పనే తయారీ కన్నా బరువవుతుంది.

టీకాలో జరిగింది ఏమిటి?

ఎంఆర్‌ఎన్‌ఏ టీకా ఈ సాంకేతికతకు అందరికీ తెలిసిన ఉదాహరణ. కొవ్వు పదార్థాలను ఇథనాల్‌లో, ఎంఆర్‌ఎన్‌ఏను కొద్దిగా ఆమ్ల గుణమున్న నీటి ద్రావణంలో కరిగిస్తారు. సాధారణంగా మూడు పాళ్ల నీటి ద్రావణానికి ఒక పాలు ఇథనాల్ చొప్పున రెండింటినీ వేగంగా కలుపుతారు. ఇథనాల్ పలచబడగానే కొవ్వు కరిగి ఉండలేక ఎంఆర్‌ఎన్‌ఏ చుట్టూ గుమిగూడి కణంగా మారుతుంది. నెమ్మదిగా కలిపితే కణాలు పెద్దవై సైజులు చెదురుతాయి. వేగంగా కలిపితే 100 నానోమీటర్ల లోపు, దాదాపు ఒకే సైజులో వస్తాయి.

సైజు సరిగా రావడం వెనక డబ్బు లెక్క కూడా ఉంది. ఇంజెక్షన్ మందును చివర్లో క్రిములు లేకుండా 0.22 మైక్రాన్ల, అంటే 220 నానోమీటర్ల వడపోత గుండా పంపుతారు. 80, 90 నానోమీటర్ల కణాలు సాఫీగా దాటిపోతాయి. అక్కడక్కడా 300 నానోమీటర్ల ముద్దలుంటే అవి వడపోతను మూసేస్తాయి, ఖరీదైన సరుకు అక్కడే ఆగిపోతుంది.

ఇక్కడ ఒక సవరణ అవసరం. పరిశోధనాగారాల్లో కొవ్వు నానో కణాలను మైక్రోఫ్లూయిడిక్ చిప్‌ల మీద చేసినా, కోట్ల డోసుల ఉత్పత్తి అలాంటి చిప్‌ల మీద జరగలేదు. రెండు ధారలను ఎదురెదురుగా బలంగా ఢీకొట్టించే చిన్న మిక్సర్లను వాడారు. అందులో సుడులే సుడులు. సూత్రం మాత్రం ఒకటే: చిన్న చోట, అతి తక్కువ కాలంలో, ప్రతిసారీ ఒకేలా కలపడం. కాబట్టి చిప్ వల్లే టీకా వచ్చిందన్న మాట పూర్తిగా నిజం కాదు.

మన దేశంలో పుణెకు చెందిన జెనోవా తయారుచేసిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకు 2022 జూన్‌లో అత్యవసర అనుమతి వచ్చింది. మామూలు ఫ్రిజ్ చలిలో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉండేలా దాన్ని పొడి రూపంలోకి తెచ్చారు.

పూడిక సమస్య

బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజరు కాయిల్ మీద తెల్లటి పెచ్చు కట్టడం చూసే ఉంటారు. సన్న కాలువలో అదే జరుగుతుంది. 10 నానోమీటర్ల కణం 100 మైక్రాన్ల కాలువకు అడ్డం పడలేదు, తేడా పది వేల రెట్లు. కానీ గోడ గరుకు మీద కూడా బీజాలు పడతాయి. బంగారం, వెండి లాంటి లోహాలైతే గోడకు అంటుకుని, వాటి మీదే కొత్త లోహం పేరుకుంటుంది. కాలువ కొంచెం సన్నబడగానే ఒత్తిడి పెరుగుతుంది. ఒకే ప్రవాహ రేటుకు గొట్టం వ్యాసం సగమైతే కావాల్సిన ఒత్తిడి 16 రెట్లు. కీళ్ల దగ్గర లీకు మొదలవుతుంది, లేదా పంపు ఆగిపోతుంది.

ఉత్పత్తి పెంచడం ఇంకో తలనొప్పి. గంటకు 10 మిల్లీలీటర్లు, లీటరుకు ఒక మిల్లీమోల్ (సుమారు 0.2 గ్రాముల) బంగారం చొప్పున లెక్కేస్తే ఒక కాలువ నుంచి గంటకు వచ్చేది దాదాపు 2 మిల్లీగ్రాములు. రోజంతా నడిపినా 50 మిల్లీగ్రాములు రాదు. పెంచాలంటే కాలువను వెడల్పు చేయకూడదు, చేస్తే కలిసే కాలం మారిపోతుంది. అలాంటి కాలువలనే పక్కపక్కన పదులు, వందలు పెట్టాలి. కొళాయి లైనులో మొదటి ఇంటికి జోరుగా, చివరి ఇంటికి సన్నగా నీళ్లొచ్చే ఇబ్బంది ఇక్కడా ఎదురవుతుంది. వందలో ఒకటి పూడితే దాని వాటా మిగతా వాటిలోకి మళ్లి, వాటి ప్రవాహం కూడా మారుతుంది. ఏది పూడిందో బయటికి కనబడదు.

విశాఖ లెక్క

2022లో జిల్లాల విభజన తర్వాత పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. పరిశ్రమ వాడుకలో మాత్రం అది ఇప్పటికీ వైజాగ్ ఫార్మాయే. అక్కడి యూనిట్లలో ఎక్కువ భాగం బల్క్ డ్రగ్స్, అంటే మందుల ముడి సరుకు. ఇందులో ఫ్లో రియాక్టర్ల మీద ఆసక్తికి నానో కణాలు కారణం కాదు, వేడి కారణం. 2 మీటర్ల వ్యాసమున్న పాత్రకు పక్క గోడల నుంచి ఒక ఘనమీటరు ద్రవానికి దొరికే గోడ వైశాల్యం 2 చదరపు మీటర్లు. 100 మైక్రాన్ల గొట్టంలో అదే ఘనమీటరుకు 40,000 చదరపు మీటర్లు. చర్యలో పుట్టిన వేడి వెంటనే బయటికి పోతుంది. పైగా ఏ క్షణంలోనైనా చర్యలో ఉన్న సరుకు కొద్దిగానే ఉంటుంది.

2020 మే 7న విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ ముడి సరుకు స్టైరీన్ తనంతట తానే పాలిమర్‌గా మారుతూ వేడెక్కి ఆవిరైన దుర్ఘటన తర్వాత, పెద్ద పరిమాణంలో వేడి చిక్కుకుంటే ఏమవుతుందో ఈ నగరానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే అది నిల్వ ట్యాంకు, రియాక్టరు కాదు. ఫ్లో రియాక్టరు పెట్టినంత మాత్రాన ముడి సరుకు ట్యాంకులు మాయం కావు. రెండింటినీ ముడిపెట్టి చేసే వాదన సగమే నిలుస్తుంది.

నానో కణాల విషయానికొస్తే స్టీల్‌ప్లాంట్ వైపున్న వైద్య పరికరాల తయారీ పార్కు, ఏపీ మెడ్‌టెక్ జోన్ సహజంగా గుర్తొస్తుంది. 2020లో అక్కడ కోవిడ్ పరీక్ష కిట్లు తయారయ్యాయి. గర్భ నిర్ధారణ స్ట్రిప్పు మీద కనబడే ఎర్ర గీత సాధారణంగా బంగారు నానో కణాల గీతే, సైజు తరచుగా 40 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది. ఒక్కో స్ట్రిప్పుకు కావాల్సిన బంగారం మైక్రోగ్రాముల్లోనే. గంటకు 2 మిల్లీగ్రాములతో కూడా వందల స్ట్రిప్పులు చేయవచ్చు. అంతమాత్రాన పరుగెత్తి ఫ్లో రియాక్టరు కొనాల్సిన పనిలేదు. ఈ కణాలు మరిగే ఫ్లాస్కులో, అనుభవమున్న చేతుల్లో బాగానే వస్తాయి. ఫ్లో పద్ధతి లాభం ఈ బ్యాచ్‌కూ ఆ బ్యాచ్‌కూ తేడా తగ్గడంలో కనబడుతుంది.

అసలు పొత్తు కుదిరేది ఇంజెక్షన్ మందుల దగ్గరే. ఫైజర్ కోవిడ్ టీకా పెద్దల డోసులో ఎంఆర్‌ఎన్‌ఏ 30 మైక్రోగ్రాములు. అంటే ఒక గ్రాముతో 33 వేల డోసులు. మిల్లీగ్రాముల రియాక్టరు చిన్నచూపు చూడాల్సింది కాదని ఈ లెక్కే చెబుతుంది. దీనికి పూర్తి విరుద్ధం తెల్ల రంగుల్లో వాడే టైటానియం డయాక్సైడ్ (టైటానియా). భీమిలి తీరం ఇసుకలో ఇల్మెనైట్ ఉంది, అది టైటానియం ఖనిజమే. కానీ నానో టైటానియాను ప్రపంచంలో మంట పద్ధతుల్లోనో, పెద్ద పాత్రల్లోనో టన్నుల్లో చేస్తారు. ఆ ధరకు సన్న కాలువలు పోటీకి రాలేవు.

నేర్చుకోవడానికి మాత్రం పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. రెండు సిరంజి పంపులు, ఒక టీ జాయింటు, కొన్ని మీటర్ల టెఫ్లాన్ గొట్టం, వేడినీళ్ల తొట్టి ఉంటే కళాశాల ల్యాబులో బంగారు కణాలు చేయవచ్చు. బయటికొచ్చే ద్రావణం 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతి దగ్గర ఎంత పీల్చుకుంటుందో చూస్తూ ప్రవాహాన్ని సర్దుకోవచ్చు. ఏసీ లేని గదిలో ఒక జాగ్రత్త: 20 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు వెళితే నీటి చిక్కదనం నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. గాలి ఒత్తిడితో నడిపే వ్యవస్థలో ఉదయం ఒక ప్రవాహం, మిట్టమధ్యాహ్నం మరో ప్రవాహం వస్తాయి. కరెంటు పోతే పంపు ఆగి, కాలువలో నిలిచిన ద్రావణం అక్కడే కణాలు కట్టి పూడుస్తుంది. జనరేటరు అందుకునే ఆ కొద్ది సెకన్ల కోసం కూడా యూపీఎస్ ఉండాల్సిందే.

బ్యాచ్ అంటే ఏది?

పాత్రలో వండినప్పుడు బ్యాచ్‌కు హద్దు స్పష్టం: చార్జింగ్‌తో మొదలు, అన్‌లోడింగ్‌తో ముగింపు. పారుతూనే ఉండే గొట్టంలో బ్యాచ్ ఎక్కడ మొదలవుతుంది? మందుల నియంత్రణ సంస్థల అంతర్జాతీయ వేదిక ఐసీహెచ్ 2022 నవంబరులో నిరంతర తయారీ మీద ఖరారు చేసిన క్యూ13 మార్గదర్శకాలు దీనికి వీలు కల్పించాయి. ఇంత సరుకు అనో, ఇంత సమయం నడిపింది అనో బ్యాచ్‌ను నిర్వచించుకోవచ్చు. కానీ ప్రవాహం కుదుటపడే ముందు వచ్చిన మొదటి నిమిషాల సరుకును, పంపు తడబడినప్పుడు వచ్చిన సరుకును పక్కకు మళ్లించాలి. ఎన్ని నిమిషాలు మళ్లించాలో, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో యూనిట్ ముందుగానే ఆధారాలతో రాసిపెట్టుకోవాలి. షిఫ్ట్ కెమిస్ట్ చేతిలోని బ్యాచ్ రికార్డులో ఇప్పటిదాకా లేని గడి ఇది.